రోడ్డు కొలతకు పుట్టిన ఓడ

మాది తమిళ మీడియం చదువు, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకుని చదవండి.

పోయిన నెల కాలిఫోర్నియా నుంచి మా తమ్ముడి కొడుకు ఒక ఫోటో పంపాడు. పక్కింటి వాకిట్లో, కారు నిలబెట్టే చోట, చక్రాల బండి మీద ఒక తెరచాప పడవ. "పెదనాన్నా, ఇందులో నలుగురు పడుకోవచ్చు, టీ కాచుకోవచ్చు. శనివారం కారు వెనక తగిలించుకుని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తారు, ఆదివారం రాత్రికి మళ్ళీ ఇంటికి తెస్తారు" అన్నాడు. సర్వీసంతా గూడ్స్ ఆఫీసులో గడిపిన మాకు వెంటనే వచ్చిన సందేహం ఒకటే. సముద్రంలో తిరిగేది రోడ్డు మీద ఎలా పట్టింది? ఆ సందేహం తీర్చుకోవడానికి చదివిందే ఇక్కడ రాస్తున్నాం.

ఆ పడవ పేరు కేటలీనా 22. దాన్ని గీసినవాడు ఫ్రాంక్ బట్లర్ అనే కాలిఫోర్నియా మనిషి. అంతకుముందు కొరొనాడో అనే పడవల కంపెనీ నడిపి, 1968లో అమ్మేశాడు. 1969లో ఈ పడవ వచ్చింది. ఆ తర్వాత 15,000కు పైగా తయారయ్యాయి. 1995లో అమెరికా తెరచాప పడవల గౌరవ జాబితాలో దీన్ని చేర్చారు.

ఇంత గిరాకీ ఎందుకంటే, పడవ కొనడం ఒక ఖర్చు, దాన్ని ఉంచుకోవడం ఇంకో ఖర్చు. రేవులో కట్టుకోవాలంటే నెలనెలా అద్దె కట్టాలి. డబ్బున్నవాడికి అది లెక్క కాదు, జీతగాడికి భారం. పడవను ఇంటికే తెచ్చుకుంటే ఆ అద్దె మిగులుతుంది. కానీ పాతకాలపు పలకల పడవను అలా తేలిగ్గా తేలేరు. ఎక్కువ రోజులు ఎండలో ఉంటే చెక్క ఎండి, పలకల మధ్య సందులు విడుతాయి. మళ్ళీ నీళ్ళలో దించితే కారుతుంది. ఫైబర్ గ్లాసుకు ఆ బాధ లేదు. అచ్చులో గాజు నార గుడ్డ పరిచి, రెసిన్ పూసి, పొరమీద పొర వేస్తారు. ఎండ తగిలితే సందులు విడవడానికి అందులో అతుకులే లేవు. పైగా ఒక్క అచ్చులోనే ఒకే కొలతతో ఎన్నో పడవలు తీయవచ్చు, ధర తగ్గుతుంది.

ఇక కొలతల సంగతి. గూడ్స్ యార్డులో పనిచేసినవాళ్ళకు లోడింగ్ గేజ్ తెలుసు. ఇనుప కమాను ఒకటి ఉంటుంది, సరుకు ఎక్కించిన వ్యాగన్ దాని కింద తగలకుండా దాటాలి. తగిలిందా, ఆ బండి కదలదు. ఒకసారి ఒక యంత్రం లోడు వెడల్పు కాస్త ఎక్కువై, ప్రత్యేక అనుమతి వచ్చేదాకా మా షెడ్డులో ఆగిపోయింది. సరుకు తాలూకు మనిషి రోజూ వచ్చి మా బల్ల ముందు నిలబడేవాడు. ఈ పడవకు రోడ్డే అలాంటి కమాను. ఆ రోజుల్లో అమెరికా రోడ్ల మీద బండి వెడల్పు మామూలుగా 8 అడుగులు దాటకూడదు. కేటలీనా 22 వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు, పొడవు 21 అడుగుల 6 అంగుళాలు. అంటే ఈ ఓడ నడుము కొలిచింది సముద్రం కాదు, రోడ్డు.

వెడల్పు సరే, లోతు ఎలా? తెరచాపకు పక్కగాలి కొడితే పడవ పక్కకు జారుతుంది, ఒరుగుతుంది. అందుకే అడుగున కీల్ అనే బరువైన రెక్క కావాలి. ఆ రెక్క లోతుగా ఉంటే పడవ బండి మీద కూర్చోదు, రేవు ఏటవాలు మీద దిగదు. అందుకని దాన్ని ఒక పిన్ను మీద తిరిగేలా పెట్టారు. సుమారు 250 కిలోల పోత ఇనుము అది. గదిలో చేతి పిడి తిప్పితే తీగ చుట్టుకుని, రెక్క పైకి లేస్తుంది. దించితే పడవకు 5 అడుగుల నీళ్ళు కావాలి, ఎత్తితే 2 అడుగులు చాలు. మొత్తం పడవ బరువు సుమారు ఒక టన్ను. అందులో పావు వంతు ఆ రెక్కదే.

స్తంభం సుమారు 25 అడుగులు. మొదట్లో మడత ఉంది కాబట్టి ఇద్దరు కలిసి వెనక్కి పడుకోబెట్టవచ్చు. అయితే ఎత్తేటప్పుడు పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూడాలి, స్తంభం అల్యూమినియం. 25,000 వోల్టుల తీగ కింద బతికిన రైల్వేవాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. గదిలో నిటారుగా నిలబడలేం. ఉప్పునీటికి ఇనుము తుప్పు పడుతుంది. పిన్ను, తీగ అరిగాయేమో చూసుకోకపోతే ప్రమాదం. చెరువుకు, అఖాతానికి బాగా సరిపోతుంది కానీ మహాసముద్రం దాటడానికి గీసింది కాదు.

ఇదంతా చదువుతుంటే మాకు మద్రాసులో ఉద్యోగం చేసిన రోజులు గుర్తొచ్చాయి. తెల్లవారుజామున మెరీనాలో కట్టుమరాలు ఒడ్డుకు వచ్చేవి. కట్టిన మరాలు, అంతే. మన తెలుగు మత్స్యకారులకు అది తెప్ప. వేట అయ్యాక తాళ్ళు విప్పి, దుంగలు విడివిడిగా ఇసుకలో ఆరబెట్టేవారు. పలకల పడవకు ఎండ శత్రువు, తెప్పకు ఎండే మందు, ఎందుకంటే తడి పీల్చిన దుంగ బరువెక్కుతుంది. రేవులు తక్కువ, అలలు ఎక్కువ ఉన్న మన తీరంలో పడవను విప్పి మోసుకుపోవడమే ఉపాయం. డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన పుస్తకంలో ఈ తీరపు కట్టుమరాల గురించి రాశాడు. ఇప్పుడు లోకమంతా రెండు పొట్టల పడవను కేటమరాన్ అంటున్నారు. వస్తువు మారింది, పేరు మాత్రం మన తీరానిదే.

అంటే రేవు అద్దె లేకుండా సముద్రానికి వెళ్ళడం కాలిఫోర్నియాలో పుట్టిన ఆలోచన కాదు. కాకపోతే అక్కడ పడవకు సొంత వాకిలి ఉంది. మనవాళ్ళకు ఇసుకే వాకిలి. ఒడిశాలో పూరీ పెంఠకట చూసిన సభ్యులకు తెలుసు, ఆంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడ్డ మన మత్స్యకార కుటుంబాలు అక్కడ ఉన్నాయి. దుంగల తెప్పలు తగ్గి ఫైబర్ పడవలు వచ్చాయి, కానీ పడవ నిలిపేది ఒడ్డునే. ఆ ఇసుకను సముద్రం కోసుకుపోయినా, దానిమీద గోడ లేచినా, పడవ ఉండి కూడా లేనట్టే. ఆ ఇసుకకు పట్టా లేదు, రశీదు లేదు. రశీదులు రాసి బతికిన మాకు అది గుచ్చుకుంటోంది. తీరం గురించి ఎక్కడ సమావేశం జరిగినా, పడవ నిలిపే చోటు మాట మన సంఘం తరఫున ఎవరో ఒకరు లేచి అడగాలి.

చివరిగా ఒక మనవి. చుక్కాని, లంగరు అని రాస్తుంటే మా తమిళ వాచకంలోని సుక్కాన్, నంగూరం పక్కనే వినిపించాయి. కీల్ దగ్గరికి వచ్చేసరికి మా నోట తెలుగు మాట రాలేదు. పూరీ, గోపాల్‌పూర్, యానాం వైపు సభ్యులూ, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు పడవలో ఒక్కో భాగాన్ని ఏమంటారో అడిగి కింద రాయండి. ఆ మాటలన్నీ మేము ఒక నోటుబుక్కులో ఎక్కిస్తాం.