పదహారో నంబరు గేటు

స్పానిష్‌లో పుయెర్తా అంటే తలుపు. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు గోల్‌ని కూడా ఆ మాటతోనే పిలుస్తుంటారు. సెవిల్లా నగరంలోని నెర్వియోన్ పేటలో 1984 నవంబరు 26న పుట్టిన ఒక కుర్రాడికి అది ఇంటిపేరు. సెవిల్లా క్లబ్ సొంత మైదానం, రామోన్ సాంచెజ్ పిజ్వాన్ స్టేడియం, ఆ పేటలోనే ఉంది. ఆట ఉన్న రోజు అక్కడ స్కోరు ఎవరినీ అడగక్కర్లేదు, జనం అరుపే చెప్పేస్తుంది.

ఆంతోనియో పుయెర్తా ఆ క్లబ్ పిల్లల జట్లలోనే ఆట నేర్చుకున్నాడు. పెద్దయ్యాక ఆ క్లబ్‌కే ఆడాడు. మరో క్లబ్ చొక్కా ఒంటికి తగలనే లేదు. ఎడమకాలి వాటం. మైదానం ఎడమ అంచు అతనిది. ఒకరోజు డిఫెండర్‌గా వెనక నిలబడమంటే నిలబడేవాడు, ఇంకోరోజు కాస్త ముందుకు జరిగి పరుగెత్తమంటే పరుగెత్తేవాడు. 2004 మార్చిలో మాలగా జట్టు మీద మొదటి లీగ్ ఆట ఆడేనాటికి ఇంకా ఇరవై నిండలేదు. అతనితోపాటు పైకొచ్చిన కుర్రాళ్లలో సెర్జియో రామోస్ ఉన్నాడు, హెసూస్ నవాస్ ఉన్నాడు. రామోస్‌ని 2005లో రియల్ మాడ్రిడ్ ఎగరేసుకుపోయింది. పుయెర్తా ఊళ్లోనే ఉండిపోయాడు.

ఆ ఊరి ఆకలి కూడా కాస్త చెప్పాలి. సెవిల్లా క్లబ్ అప్పటికి చివరిసారి ఒక పెద్ద కప్పు ఎత్తింది 1948లో. అది చూసిన తాతలు మనవళ్లకు కథలుగా చెప్పుకుంటూ యాభై ఎనిమిదేళ్లు గడిపారు. 2006 ఏప్రిల్ 27, గురువారం. ఊళ్లో ఏటేటా జరిగే ఫేరియా సంబరాల వారం. యుయేఫా కప్ సెమీఫైనల్ రెండో ఆట, ఎదురుగా జర్మనీ జట్టు షాల్కె. మొదటి ఆటలో గోల్ పడలేదు. ఇక్కడా తొంభై నిమిషాలు గడిచినా పడలేదు. అదనపు సమయంలో, వందో నిమిషంలో, కుడివైపు నుంచి నవాస్ పంపిన బంతి అందరినీ దాటి ఎడమ అంచుకు వచ్చింది. పుయెర్తా దాన్ని నేల తగలనివ్వకుండా ఎడమకాలితో ఒక్కటి తన్నాడు. బంతి దూరపు స్తంభం వైపు వంగుతూ వెళ్లి వలలో పడింది.

సెవిల్లా వాళ్లను అడిగితే మా బతుకులు మారింది ఆ గోల్‌తోనే అంటారు. కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నారేమో అనుకునేవాణ్ని. లెక్క చూస్తే ఎక్కువేం కాదు. రెండు వారాలు తిరక్కుండా ఐండ్‌హోవెన్‌లో మిడిల్స్‌బ్రో మీద 4-0తో ఆ కప్పు గెలిచారు. ఆగస్టులో బార్సిలోనాను 3-0తో ఓడించి యూరప్ సూపర్ కప్, తర్వాతి ఏడు మళ్లీ యుయేఫా కప్, ఆపైన స్పెయిన్ రాజు పేరిట ఇచ్చే కప్పు. 2007 ఆగస్టు 19న రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలోనే 5-3తో గెలిచి స్పెయిన్ సూపర్ కప్. పదిహేను నెలల్లో అయిదు కప్పులు. తలుపు తెరిచినవాడి ఇంటిపేరే తలుపు కావడం మీద ఆ ఊళ్లో ఎన్ని చమత్కారాలు పుట్టి ఉంటాయో ఊహించుకోవచ్చు.

వాటిలో రెండో యుయేఫా కప్ దగ్గర కాసేపు ఆగాలి. 2007 మే 16, గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్. ఫైనల్లో రెండూ స్పెయిన్ జట్లే. ఒకటి సెవిల్లా, రెండోది బార్సిలోనా నగరంలో రెండో క్లబ్‌గా ఎప్పుడూ నీడలో బతికే ఎస్పాన్యోల్. సెవిల్లా రక్షణ వరసలో ఎడమ చివర పుయెర్తా. ఎస్పాన్యోల్ రక్షణ వరస నడుమ డానీ హార్కె, ఇరవై నాలుగేళ్లవాడు. పన్నెండేళ్లప్పుడు ఆ క్లబ్‌లో చేరి అక్కడే ఎదిగాడు. ఇద్దరూ పుట్టిన ఊరి క్లబ్‌కే ఆడారు, క్లబ్ మారే ఆలోచన లేనట్టే ఆడారు.

ఎస్పాన్యోల్ ఆ రాత్రి ఒక మనిషి తక్కువై కూడా ఆటను 2-2 దగ్గర నిలబెట్టింది. ఆ ఏడు ఆ పోటీలో ఒక్క ఆట కూడా ఓడని జట్టు అది. పెనాల్టీల్లో మాత్రం సెవిల్లా గోల్‌కీపర్ పాలోప్ మూడు ఆపేశాడు. సెవిల్లాకు నాలుగో పెనాల్టీ తన్నడానికి పుయెర్తా నడిచొచ్చాడు. గోల్ పడితే కప్పు. పడింది. ఒకవైపు సెవిల్లా ఆటగాళ్లు పరుగందుకున్నారు. రెండోవైపు మైదానం నడిగీత దగ్గర ఎస్పాన్యోల్ ఆటగాళ్లు నిలబడిపోయారు, వాళ్లలో హార్కె.

ఆ క్షణం నుంచి పుయెర్తాకు మిగిలింది నూట నాలుగు రోజులు.

2007 ఆగస్టు 25, శనివారం. కొత్త లీగ్ సీజన్లో మొదటి ఆట, సొంత మైదానంలో, హెటాఫె జట్టు మీద. ఆట మొదలై అరగంట గడిచింది. బంతి అతని దగ్గర లేదు. ఎవరూ తగల్లేదు. తమ గోల్ ముందు పెనాల్టీ బాక్సులో పుయెర్తా కాస్త వంగాడు, మోకాళ్ల మీద కూర్చున్నట్టు అయ్యాడు, ఒరిగిపోయాడు. అందరికంటే ముందు తోటి డిఫెండర్ ద్రాగుతినోవిచ్ పరుగెత్తాడు. వెనకే పాలోప్, వైద్యులు. నాలుక వెనక్కి పోయి ఊపిరాడకుండా పోతుందేమోనని వాళ్ల భయం. కొద్దిసేపటికి అతను లేచాడు. లేవడమే కాదు, తన కాళ్ల మీద తాను నడుస్తూ బయటికి వెళ్లాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ నడకే మనసులోంచి పోదు. పడినవాడు అక్కడే పోయుంటే అదొక కథ. లేచి నడిచాడు, ప్రమాదం తప్పిందనిపించాడు. బట్టలు మార్చుకునే గదిలో మళ్లీ పడిపోయాడు. గుండె ఆగడం, దాన్ని కొట్టించడం, మళ్లీ ఆగడం. బయట ఆట సాగుతూనే ఉంది, సెవిల్లా 4-1తో గెలిచింది. వీర్హెన్ దెల్ రొసీయో ఆస్పత్రిలో మూడు రోజులు. ఆగస్టు 28 మధ్యాహ్నం అతను పోయాడు. పదేపదే గుండె ఆగినప్పుడు మెదడుకు నెత్తురందక జరిగిన నష్టం, ఆపైన ఒక్కో అవయవం చేతులెత్తేయడం. ఇరవై మూడు నిండలేదు. అతని సహచరి అప్పుడు నిండు గర్భిణి.

మన విషాద గాథలకు ఒక అలవాటుంది. పడినవాడి వెనక ఒక తప్పో ఒక శాపమో ఉండి తీరాలి. కర్ణుడి రథచక్రం కుంగిందంటే బ్రాహ్మణుడి ఆవు ఉంది, అస్త్రం గుర్తురాలేదంటే పరశురాముడి కోపం ఉంది. వినేవాడికి అదొక ఊరట, కారణం దొరికింది కదా అని. పుయెర్తా కథలో అలాంటిదేం దొరకదు. దొరికేది ఒక జబ్బు. గుండె కుడి జఠరిక గోడలో కండ ఉండాల్సిన చోట మెల్లగా కొవ్వూ పీచులాంటి కణజాలమూ చేరతాయి. గుండెను కొట్టించే విద్యుత్తు దారి తప్పుతుంది. చాలామందిలో ఇది పుట్టుకతో వచ్చే లోపమే. మామూలు మనిషైతే ఏళ్ల తరబడి తెలియకుండానే ఉండొచ్చు. కఠినమైన కసరత్తు దాన్ని ముందుకు తోస్తుంది. అంటే అతన్ని మేటి ఆటగాణ్ని చేసిన ఆ పరుగే లోపల అతన్ని తినేసింది. దీన్ని తప్పనలేం, శాపం అనడానికీ నోరు రాదు.

ఇక ఆ ఊరు. సెవిల్లాలో రెండు క్లబ్‌లు, సెవిల్లా, బెతిస్. వాటి మధ్య వైరం ఎలాంటిదంటే, అదే ఏడాది ఫిబ్రవరి చివర్లో బెతిస్ మైదానంలో జరిగిన ఆటలో సెవిల్లా కోచ్ హ్వాండె రామోస్ తలకు ప్రేక్షకుల్లోంచి సీసా వచ్చి తగిలి స్పృహ తప్పాడు, ఆట ఆపేయాల్సి వచ్చింది. ఆరు నెలల తర్వాత ఆకుపచ్చ చొక్కాల బెతిస్ వాళ్లు కూడా కండువాలు పట్టుకొని సెవిల్లా మైదానం వాకిట్లో వరసలో నిలబడ్డారు. పదహారు అతని నంబరు. స్టేడియం పదహారో గేటు దగ్గర పూలూ చొక్కాలూ కొవ్వొత్తులూ పేరుకుపోయాయి. స్పానిష్‌లో గేటును కూడా పుయెర్తా అనే అంటారు. ఈసారి ఎవరికీ చమత్కారం తోచలేదు.

అతను పోయిన మూడో రోజున జట్టు మొనాకో వెళ్లి ఏసీ మిలాన్‌తో యూరప్ సూపర్ కప్ ఆడాల్సి వచ్చింది. రెండు జట్ల చొక్కాల మీదా అతని పేరే. సెవిల్లా మొదట గోల్ వేసింది, చివరికి 3-1తో ఓడింది. ఆ ఓటమిని ఎవరూ లెక్కపెట్టలేదు. అక్టోబరులో అతనికి కొడుకు పుట్టాడు.

ఇక్కడితో ఆపేద్దును, హార్కె లేకపోతే.

2009 వేసవి. ఎస్పాన్యోల్‌కు ఏళ్లుగా సొంత స్టేడియం లేదు, మాంట్‌జూయిక్ కొండ మీది ఒలింపిక్ మైదానంలో సర్దుకుంటూ వచ్చింది. ఆగస్టు 2న కొర్నెల్యా ప్రాంతంలో కొత్త స్టేడియం తెరిచి లివర్‌పూల్‌ను 3-0తో ఓడించింది. ఆ రోజు కెప్టెన్ డానీ హార్కె, ఆ బాధ్యత అప్పుడే చేతికొచ్చింది. కొత్త ఇంటికి గృహప్రవేశం చేయించినవాడు ఆ ఇంట్లో ఇంకో ఆట ఆడలేదు. సీజన్‌కు ముందు తయారీ కోసం జట్టు ఇటలీ వెళ్లింది. ఆగస్టు 8న ఫ్లారెన్స్ దగ్గర కొవెర్చానోలో సాధన ముగించుకొని తన గదికి వెళ్లి ఫోనులో తన సహచరితో మాట్లాడుతున్నాడు. ఆమె కూడా నిండు గర్భిణి. మాట మధ్యలో ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లు. ఇటలీలో పోటీల్లో ఆడే ప్రతి క్రీడాకారుడికీ గుండె పరీక్ష తప్పనిసరి అని 1982లోనే చట్టం చేశారు. ఆ నేల మీదే అతను పోవడం విధి వెక్కిరింతలా ఉంటుంది.

హార్కె, ఆంద్రెస్ ఇనియెస్తా దేశపు కుర్రాళ్ల జట్లలో కలిసి ఆడిన స్నేహితులు. క్లబ్‌లుగా చూస్తే పగవాళ్లు, ఒకడు ఎస్పాన్యోల్, ఇంకొకడు బార్సిలోనా. స్నేహితుడి చావు తర్వాత తాను కుంగుబాటులోకి జారిపోయానని ఇనియెస్తా తర్వాత చెప్పుకున్నాడు. 2010 జులై 11న జోహాన్నెస్‌బర్గ్‌లో ప్రపంచ కప్ ఫైనల్. 116వ నిమిషంలో నెదర్లాండ్స్ మీద గోల్ వేసి చొక్కా విప్పాడు. లోపలి బనీను మీద చేత్తో రాసిన అక్షరాలు, డానీ హార్కె ఎప్పుడూ మాతోనే అని. చొక్కా విప్పినందుకు రెఫరీ పసుపు కార్డు చూపించాడు. నియమం నియమమే.

అంతకు రెండేళ్ల ముందు వియన్నాలో స్పెయిన్ యూరో కప్ గెలిచినప్పుడు సెర్జియో రామోస్, పుయెర్తా బొమ్మ ఉన్న బనీను వేసుకొని మైదానమంతా తిరిగాడు. స్పెయిన్ ఫుట్‌బాల్ బంగారు రోజులు మొదలైన ఆ రెండు రాత్రులూ చొక్కా కింద ఒక్కో చనిపోయిన డిఫెండర్‌ని మోసుకొచ్చాయి. దేశానికి పుయెర్తా ఆడింది ఒకే ఒక్క ఆట, 2006 అక్టోబరులో స్వీడన్ మీద, అదీ ఓడిపోయారు. ఆ రెండు కప్పుల్లోనూ ఎడమ అంచున కాప్‌దెవిలా నిలబడ్డాడు, బాగానే ఆడాడు. అయినా ఆ ఆటలు చూస్తున్నప్పుడల్లా నా కళ్లు ఆ ఎడమ అంచునే వెతుక్కుంటాయి.

వైద్యం కొంత ముందుకు జరిగింది. 2010 అక్టోబరులో సలమాంకా ఆటగాడు మిగెల్ గార్సియా మైదానంలో గుండె ఆగి పడిపోయినప్పుడు పక్కనే గుండెను మళ్లీ కొట్టించే డీఫిబ్రిలేటర్ ఉంది, బతికాడు. 2021లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సెన్ అలాగే పడి బతికాడు, మళ్లీ ఆడాడు కూడా.

సెవిల్లాలో ప్రతి ఆట పదహారో నిమిషంలో జనం పుయెర్తా పేరు పాడతారు. ఎస్పాన్యోల్ స్టేడియంలో ఇరవై ఒకటో నిమిషంలో చప్పట్లు, హార్కె నంబరు అది. అక్కడ ఇరవై ఒకటో గేటు అతనిది. గ్లాస్గో ఫైనల్ రికార్డుల్లో స్కోరు ఇలా ఉంటుంది: సెవిల్లా 2, ఎస్పాన్యోల్ 2, పెనాల్టీల్లో 3-1. ఆఖరి గోల్, పుయెర్తా.