తాళంచెవికి మూడు పనులు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం పంపమని సంపాదకులు కోరారు. రాజుల చరిత్ర, ఉద్యమాల చరిత్ర రాయగల విద్వాంసులు మన సభ్యుల్లోనే ఉన్నారు. నేను రాయబోయేది మన జేబులో ఉండే చిన్న వస్తువు చరిత్ర. పదిహేనేళ్లు దాటిన కారునో స్కూటరునో ఇంకా నడుపుకుంటున్న పెన్షనర్లు మనలో తక్కువేమీ కాదు. తాళం బిగుసుకుపోయిందని, చెవి తిరగడం లేదని వారు చెబుతుండగా చాలాసార్లు విన్నాను. అది ఎలా పుట్టి పెరిగిందో తెలిస్తే జబ్బు ఎక్కడుందో కనిపెట్టడం తేలిక.

తొలి మోటారు బళ్లకు తాళంచెవి లేదు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిని స్టార్టు చేయాలంటే వెనక ఉన్న పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పాలి. తరువాత ముందువైపు హ్యాండిల్ రాడ్డు వచ్చింది. ఇంజను ఎదురు తన్నితే ఆ రాడ్డు తిప్పేవాడి మణికట్టు విరిగేది. ఈ బాధ తప్పించినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. ఆయన తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది. అయితే చాలాకాలం వరకు స్టార్టరుకు వేరే బటనో, కాలితో నొక్కే మీటో ఉండేది. తాళంచెవి చేసే పని ఒక్కటే: ఇంజనులో నిప్పురవ్వ పుట్టడానికి కరెంటు ఇవ్వడం, ఆపడం.

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం జీపుల్లో ఆ చెవిని కూడా తీసేసి, వేళ్లతో తిప్పే మీట పెట్టారు. యుద్ధరంగంలో చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది? యుద్ధం ముగిశాక అదే జాతి జీపు మన దేశానికి వచ్చి, ప్రభుత్వ కార్యాలయాల ముందు నిలిచింది. మనలో చాలామంది ఎక్కిన ఆ పాత జీపుల్లో డ్యాష్‌బోర్డు మీద చిన్న తాళం, డ్రైవరు పాదం కింద స్టార్టరు ఉండేవి.

1949లో క్రైస్లర్ కంపెనీ చెవి తిప్పితేనే స్టార్టరు పనిచేసే ఏర్పాటు తెచ్చింది. దాంతో చెవికి రెండో పని వచ్చింది. మూడో పని దొంగల వల్ల వచ్చింది. కార్ల దొంగతనాలు పెరగడంతో పశ్చిమ జర్మనీ 1961లో కొత్త కార్లకు స్టీరింగ్ తాళం తప్పనిసరి చేసింది. అమెరికాలో 1970 నుంచి అటువంటి నిబంధన అమలులోకి వచ్చింది. చెవి తీస్తే లోపలి నుంచి ఒక ఇనుప మేకు స్టీరింగ్ కడ్డీలోకి దిగి బిగుసుకుంటుంది. మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తోనూ, 1984లో సెల్ఫ్ స్టార్టుతో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరుతోనూ ఈ పనులన్నీ ఒకే చెవి మీద పడటం మధ్యతరగతి ఇళ్లకు అలవాటైంది.

ఇక తాళం కడుపులో ఏముందో చూద్దాం. ప్రాచీన ఈజిప్టు వారి కొయ్య తాళాల్లో గడియ రంధ్రాల్లోకి చిన్న కొయ్య మేకులు దిగేవి. చెవితో వాటిని పైకెత్తితే గడియ కదిలేది. అదే సూత్రాన్ని 19వ శతాబ్దంలో అమెరికాలో లైనస్ యేల్ లోహంలో చిన్నదిగా మలిచాడు. మోటారు బళ్ల తాళాల్లో ఎక్కువగా మేకుల బదులు పల్చని ఇత్తడి రేకులు ఉంటాయి. ఒక్కొక్క రేకు వెనక ఒక చిన్న స్ప్రింగు. చెవి మీది పళ్లు రేకులన్నిటినీ సరిగ్గా ఒకే వరుసకు తెస్తేనే తాళం తిరుగుతుంది. చెవి పన్ను అరిగినా, రేకుకు దుమ్ము పట్టినా వరుస తప్పుతుంది.

1978 ఫిబ్రవరి శాసనసభ ఎన్నికల నాటి మాట. నేను అప్పుడు పనిచేస్తున్న కార్యాలయం జీపు తాళం కొన్ని నెలలుగా మొరాయిస్తోంది. డ్రైవరు అప్పుడప్పుడు ఇంజను ఆయిల్ రెండు చుక్కలు వేసేవాడు. వేసిన వారం బాగుండేది. తరువాత ఆ జిడ్డుకు రోడ్డు దుమ్మంతా అంటుకుని ముద్దయ్యేది. పోలింగు సామాను ఎక్కించాక చెవి లోపలే విరిగింది. అతను డ్యాష్‌బోర్డు కింద రెండు తీగలు కలిపి, కాలితో స్టార్టరు నొక్కి బండిని కదిలించాడు. చెవికి ఒకే పని ఉన్న బండి కాబట్టి సరిపోయింది. స్టీరింగ్ తాళమున్న బండి అయితే తీగలు కలిపినా చక్రం తిరిగేది కాదు. కొత్త తాళానికి ఇండెంటు, మూడు కొటేషన్లు, మంజూరు ఉత్తర్వు పూర్తయ్యేసరికి వేసవి వెళ్లిపోయింది.

అందుచేత మిత్రులు తాళం బిగిసినప్పుడు పై మూడు పనులనూ వరుసగా గుర్తు చేసుకోవాలి. చెవి దూరుతుంది కానీ తిరగదు అంటే ముందు మూడో పనిని, అంటే స్టీరింగును అనుమానించాలి. చక్రం వంకరగా ఉండగా బండి ఆపితే లోపలి మేకు మీద బరువు పడుతుంది. ఎడమ చేత్తో స్టీరింగును అటూ ఇటూ మెల్లగా కదుపుతూ కుడి చేత్తో చెవి తిప్పితే వదులుతుంది. అప్పటికీ తిరగకపోతే బీరువాలో దాచిన రెండో చెవి పెట్టి చూడాలి. అది సాఫీగా తిరిగితే తాళం బాగానే ఉన్నట్లు, రోజూ వాడే చెవి అరిగినట్లు. అరిగిన చెవికి నకలు తీయిస్తే ఆ అరుగుదల కూడా నకలవుతుంది. కంపెనీ ఇచ్చిన చెవినే నమూనాగా ఇచ్చి కొత్తది కోయించాలి.

రెండు చెవులూ కష్టంగా దూరుతుంటే రేకుల్లో మురికి చేరిందన్నమాట. కొబ్బరినూనె, ఇంజను ఆయిల్, గ్రీజు వద్దు. గ్రాఫైట్ పొడి చెవికి అద్ది నాలుగైదుసార్లు దూర్చి తీయాలి. పెన్సిలు ములికిలో ఉండేదీ గ్రాఫైటే కనుక చెవి పళ్ల మీద పెన్సిలు రుద్దినా కొంత పనిచేస్తుంది. అయితే గ్రాఫైట్ గుండా కరెంటు ప్రవహిస్తుంది. తాళం వెనకే స్విచ్చి ఉంటుంది కాబట్టి గుప్పెడు పోయకూడదు. చెవి తేలిగ్గా తిరిగినా బండి పలకకపోతే జబ్బు తాళంలో లేదు, ఆ స్విచ్చిలోనో బ్యాటరీలోనో ఉంది. స్టార్టు అయ్యాక చెవి తనంత తాను వెనక్కి రాకపోతే మాత్రం ఆలస్యం చేయకూడదు. స్టార్టరు మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. తాళం విప్పాల్సి వస్తే మెకానిక్ ముందుగా బ్యాటరీ తీగ తీస్తాడో లేదో గమనించండి.

చివరగా ఒక విన్నపం. పెట్రోలు ఆదా కోసం వాలులో ఇంజను ఆపి బండిని జార్చే అలవాటు మన తరానికి ఉంది. చెవికి ఒకే పని ఉన్న రోజుల అలవాటు అది. అప్పుడూ మంచిది కాదు. ఇప్పుడు దొర్లే బండిలో చెవి బయటికి లాగితే స్టీరింగు బిగుసుకుపోవచ్చు. బాగా అరిగిన తాళంలో చెవి తనంత తానే జారి వస్తుంది కూడా. అటువంటి తాళాన్ని "ఇంకా నడుస్తోంది కదా" అని ఉంచుకోవద్దు, మార్పించండి. బండిని మనవళ్ల చేతికి ఇచ్చే ముందు ఇది తప్పక చూడండి. స్టీరింగు ఇలా బిగుస్తుందన్న సంగతి వారికి తెలియకపోవచ్చు.