ఆధారానికి ఊరూ పేరూ ఉండాలి

భద్రాచలం మన్యంలోని కొండరెడ్లను గురించి కొన్నేళ్ల క్రితం నేనొక వ్యాసం రాశాను. అందులో "1940 నాటి ఖమ్మం జిల్లా" అన్నాను. ఆధారంగా ఒక గ్రంథాన్ని, పుట సంఖ్యతో సహా ఉటంకించాను. నిజానికి ఆ గ్రంథాన్ని నేను చూడలేదు. మరొకరి వ్యాసం చివర కనిపించిన సూచికను ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకున్నాను. సాహిత్య విద్యార్థి ఒకరు వచ్చి "1940లో ఖమ్మం జిల్లా ఎక్కడుంది సార్?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఖమ్మం జిల్లా వరంగల్లు నుంచి విడివడింది 1953లో. భద్రాచలం చరిత్ర వేరు. అది 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలోకి వచ్చింది. 1925లో తూర్పు గోదావరిలోకి, 1959లో ఖమ్మంలోకి చేరింది. 2014లో పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందింది. ఇన్నిసార్లూ కోయగూడెం ఉన్నచోటనే ఉంది. కాగితం మీది గీత కదిలింది.

ఇది పండితుల చాదస్తం కాదు. ఒక వైద్య వ్యాసం "ఖమ్మం జిల్లాలో మలేరియా" అంటూ 1955 లెక్కనూ 1965 లెక్కనూ పక్కపక్కన పెట్టిందనుకుందాం. జ్వరం పెరిగినట్టు కనిపించవచ్చు. కాని పెరిగింది జిల్లా. 2013ను 2017తో పోలిస్తే తగ్గినట్టు తోచవచ్చు. అక్కడ తగ్గిందీ జిల్లాయే. జ్వరం తగ్గిందన్న మాట నమ్మి మందులు తగ్గిస్తే, మంచం పట్టిన కోయతల్లి ఆ వ్యాసం చదివి ఖండించగలదా?

ఇలాంటి ప్రమాదం వైద్యలోకం ఎరగనిది కాదు. వైద్య పత్రికల సంపాదకులు 1978లో వాంకూవర్‌లో సమావేశమై, ఆధారాలు రాసే తీరుకు నియమాలు ఏర్పరచుకున్నారు. మూలంతో సరిచూసే బాధ్యత రచయితదేనన్నారు. అయినా ఏం జరిగింది? 1980లో "న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్"లో అయిదు వాక్యాల ఉత్తరం ఒకటి వచ్చింది. ఆస్పత్రిలో చేరిన రోగులకు నల్లమందు జాతి మందులిస్తే వ్యసనం అరుదని దాని సారం. 2017లో లెక్క తీస్తే దాన్ని 608 వ్యాసాలు ఉటంకించినట్టు తేలింది. వాటిలో నూటికి ఎనభై "ఆస్పత్రిలో చేరిన" అన్న షరతును వదిలేశాయి. సంపుటం, పుట సరిగా ఉన్నంత మాత్రాన ఆధారం సరైనది కాదు. అమెరికాలో లక్షల ప్రాణాలు తీసిన వ్యసన విపత్తుకు ఈ ఉటంకింపులూ దోహదం చేశాయని ఆ లెక్క తీసినవారు అభిప్రాయపడ్డారు.

ప్రజల పక్షాన రాస్తున్నామనే మనం ఈ విషయంలో ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి! ఎవరిని గురించి రాస్తున్నామో వారు మన రాతను సరిచూడలేనప్పుడు, సరిచూడడం మన వంతే. సంవత్సరం, సరిహద్దు, పుట, అన్నిటికన్నా ముందు స్వయంగా చదవడం.

నా వ్యాసాన్ని సవరించుకున్నాను. ఇప్పుడందులో "1940 నాటి మద్రాసు ప్రెసిడెన్సీ, తూర్పు గోదావరి జిల్లా, భద్రాచలం తాలూకా" అని ఉంది. నేను చూడని ఆ గ్రంథం పేరు మాత్రం లేదు.