పేకాట గుట్టును అచ్చేసినవాడు

1978లో లాస్ వేగాస్‌లో ఒక పేకాటగాడు సొంత ప్రచురణ సంస్థ పెట్టుకుని తన పుస్తకాన్ని తనే అచ్చేసుకున్నాడు. వెల వంద డాలర్లు. పోకర్ ఆడి పది లక్షల డాలర్లకు పైగా ఎలా గడించానో చెబుతానని అట్ట మీదే చాటుకున్నాడు. తర్వాత ‘సూపర్ సిస్టమ్’ అన్న పేరుతో స్థిరపడిన ఆ పుస్తకం పోకర్ ఆడేవాళ్లకు పెద్దబాలశిక్ష అయింది. రాసినవాడూ ప్రచురించినవాడూ డాయిల్ బ్రన్సనే. పేకాటతో బతికేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. తన బతుకుతెరువు గుట్టునే అచ్చేసి అమ్మినవాడు కాబట్టి ఈయన కథ చెప్పుకోదగ్గది.

బ్రన్సన్ 1933 ఆగస్టు 10న టెక్సాస్‌లోని లాంగ్‌వర్త్ అనే పల్లెలో పుట్టాడు. హైస్కూలు రోజుల్లో మైలు పరుగులో రాష్ట్ర విజేత. బాస్కెట్‌బాల్‌లో ఇంకా గట్టివాడు. మినియాపొలిస్ లేకర్స్ జట్టు కన్ను అతని మీద పడింది. వేసవి సెలవుల్లో జిప్సం కర్మాగారంలో పనిచేస్తుండగా పలకల దొంతర కాలి మీద పడి మోకాలి దగ్గర విరిగింది. ఆటగాడి జీవితం అక్కడితో సరి. చదువు మాత్రం మానలేదు, మాస్టర్స్ డిగ్రీ పూర్తి చేశాడు. బరోస్ కంపెనీలో ఆఫీసు యంత్రాలు అమ్మే కొలువు దొరికింది. చేరిన కొత్తలోనే పోకర్ ఆటకు పిలిస్తే వెళ్లి, కొద్ది గంటల్లో నెల జీతం కంటే ఎక్కువ గెలిచాడు. కొలువు వదిలేశాడు.

ఆ తర్వాతి ఏళ్లు సుఖంగా గడిచినవి కావు. ఫోర్ట్ వర్త్ పట్టణంలోని ఎక్స్ఛేంజ్ వీధిలో చాటుమాటున సాగే ఆటలు, పోలీసుల భయం, తుపాకీ చూపించి దోచుకునేవాళ్ల భయం. అమరిల్లో స్లిమ్, సెయిలర్ రాబర్ట్స్ అనే ఇద్దరితో కలిసి ఉమ్మడి సొమ్ముతో ఊరూరా తిరిగాడు. ముగ్గురూ ఆరిందాలే. అయినా ఆరేళ్లపాటు కూడబెట్టినది లాస్ వేగాస్‌కు వెళ్లిన మొదటి పెద్ద ప్రయాణంలోనే ఊడ్చిపెట్టుకుపోయింది. 1962లో పెళ్లయిన కొద్దికాలానికే మెడలో కేన్సర్ బయటపడింది. ఎక్కువ రోజులు బతకడన్నారు. ఆపరేషన్ తర్వాత కోలుకుని మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాడు.

1976లోనూ 1977లోనూ పోకర్ ప్రపంచ పోటీ ‘వరల్డ్ సిరీస్’ ప్రధాన టైటిల్ ఆయనదే. రెండేళ్లూ చివరి ఆటలో చేతికి వచ్చినవి పది, రెండు. ఎవరైనా చూడగానే పారేసే ముక్కలు. రెండుసార్లూ బల్ల మీది ముక్కలతో కలిసి వాటితోనే ఫుల్‌హౌస్ (ఒక అంకెవి మూడు, మరో అంకెవి రెండు) పడింది. నేటికీ ఆ జతను పోకర్ లోకం ఆయన పేరుతోనే పిలుస్తుంది. ఇందులో అదృష్టం లేదనలేం. కానీ ఆ చివరి ఆటదాకా రావడానికి కావలసింది వేరు, పుస్తకం చెప్పింది దాని గురించే.

అప్పటిదాకా చాలామంది మంచి ముక్కల కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు. బ్రన్సన్ చెప్పింది దీనికి ఎదురు. ముందు నువ్వే పందెం పెంచు, ఉన్నదంతా ఒడ్డాలా వద్దా అన్న ఇరకాటంలోకి ఎదుటివాణ్ణి నెట్టు, వాడి తీరును గుర్తుపెట్టుకో అన్నాడు. పోకర్‌లో తనకు బాగా వచ్చిన రకం గురించే తను రాశాడు. మిగతా రకాల గురించి వాటిలో ఆరితేరిన డేవిడ్ స్క్లాన్‌స్కీ, చిప్ రీస్, మైక్ కారో, బాబీ బాల్డ్విన్ వంటివాళ్ల చేత రాయించాడు. ప్రచురణకర్తగా ఆయన చూపు ఎంత పదునైనదో ఇక్కడే తెలుస్తుంది. ఆరు వందల పేజీలు దాటిన ఆ పుస్తకం చదివినవాళ్లు ఆయన ఎత్తులు ఆయన మీదే వేశారు. దానివల్ల బల్ల దగ్గర చాలా నష్టపోయానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

అమెరికాలో బ్రన్సన్ నేర్పు పుస్తకానికి ఎక్కకముందే మన దేశంలో పేకాట నేర్పు కోర్టుకు ఎక్కింది. 1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. నిజాం కాలపు జూద చట్టం కింద కేసు. మేజిస్ట్రేటు శిక్ష వేస్తే హైకోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి ఓడింది. 1967 నవంబరు 22న తీర్పు చెప్పిన జస్టిస్ హిదాయతుల్లా మూడు ముక్కలాటనూ రమ్మీనీ విడదీశారు. మొదటిది వట్టి అదృష్టం. రమ్మీలో పడిన ముక్కలు జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి అందులో నేర్పుదే పైచేయి అన్నారు. ఆట మీద క్లబ్బు లాభం పిండుకుంటే సంగతి వేరని కూడా అదే తీర్పులో ఉంది. ఈ రెండో మాట ఎవరికీ పెద్దగా గుర్తులేదు, గుర్తుండాల్సింది అదే.

ఈ తగువు కర్ణాటకలోని మా ఊరు నంగలికీ తగిలింది. మాది ఎప్పుడూ ఎల్ల ఊరే. హొయ్సళ విష్ణువర్ధనుడి రాజ్యానికి తూర్పు హద్దుగా శాసనాలు చెప్పేది నంగలినే. ఇవాళ ముళబాగిలు దాటి ఇక్కడికొస్తే అవతల పలమనేరు దారి, ఆంధ్రా. ఉగాదికి పేక ముక్కలు పట్టడం ఇటువైపు పాత అలవాటు. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని ఇక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరి 14న కొట్టేసింది. దాంతో ఒకే ఫోను, ఒకే ఆట. అప్పట్లో ఎల్లకు అటువైపు నేరం, ఇటువైపు కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పా అదృష్టమా అని చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ కాదంది.

ఆ చట్టం సరైనదేనని నా నమ్మకం. నేర్పు ఉన్నవాడు గెలిచే డబ్బు నేర్పు లేనివాడి జేబులోంచే రావాలి, అందులోంచి ఆట నడిపేవాడి వాటా కూడా పోతుంది. 2003లో టెనెసీకి చెందిన మనీమేకర్ అనే అకౌంటెంటు ఆన్‌లైన్‌లో చిన్న సొమ్ముతో దారి దొరకబుచ్చుకుని, వరల్డ్ సిరీస్‌లో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ ఒక్కడి కథ విని ఎందరో ఆన్‌లైన్ పోకర్‌కు దిగారు; అతనిలా గెలిచినవాళ్లు ఎంతమంది? ముక్కల విద్యలో అంతటివాడైన బ్రన్సన్ కూడా టైటానిక్ ఓడ, నోవా నావ వెతికే సాహసాల్లో డబ్బు పెట్టి పోగొట్టుకున్నాడు. వరల్డ్ సిరీస్‌లో మొత్తం పది టైటిళ్లు గెలిచి, 2023 మే 14న 89 ఏళ్ల వయసులో లాస్ వేగాస్‌లో కన్నుమూశాడు.

ఆయన గెలిచిన డబ్బు కంటే ఆ పుస్తకమే గొప్పదని నేనంటాను. పందెం లేకపోయినా నేర్పు నిలబడుతుందని అది చూపించింది. కోలారులోనూ చిత్తూరులోనూ నాలుగు చుట్లు తిరిగేసరికి ఎదుటివాడి చేతిలో ఏముందో చెప్పేసే పెద్దలున్నారు. అలాంటి తాతో మామో మీ ఇంట్లో ఉంటే, పైసా పెట్టకుండా పక్కన కూర్చుని ఆడండి, ఆయన లెక్కను కాగితం మీద పెట్టించండి.