వతనుకి – తేదీలా రాసే ఒక జపాను ఇంటిపేరు

కొత్త క్లాసులో మొదటి రోజు హాజరు పిలవడమంటే ఏ మాస్టారికైనా కాస్త జంకే. పేరు తప్పు పలికితే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు, మిగతావాళ్లు నవ్వుతారు. ఇక ఆ పట్టీలో ఇంటిపేరు ఉండాల్సిన చోట "నాలుగో నెల ఒకటో రోజు" అని రాసి ఉందనుకోండి. ఎలా పిలుస్తాం?

జపానులో నిజంగానే అలాంటి ఇంటిపేరు ఒకటుంది. దాన్ని ‘వతనుకి’ అని పలుకుతారు. చాలా అరుదైన పేరు. మన పిల్లలు తమ ఇంటిపేర్ల గురించి కూడా ఆలోచిస్తారని దీని సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పేరు, రాత, పలుకు

జపాను వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత చెబుతారు. ఇంటిపేర్లను చైనా నుంచి వచ్చిన ‘కంజి’ అక్షరాల్లో రాస్తారు. మన అక్షరం ఒక శబ్దాన్ని చెబుతుంది. కంజి అక్షరం ముఖ్యంగా ఒక అర్థాన్ని చెబుతుంది. దాన్ని ఎలా పలకాలో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

వతనుకి పేరులో నాలుగు అక్షరాలున్నాయి: నాలుగు, నెల, ఒకటి, రోజు. మామూలుగా చదివితే ఇది ఉత్త తేదీ. క్యాలెండరులో కనబడితే ‘షిగాత్సు త్సుయితాచి’ అని చదువుతారు, అంటే ఏప్రిల్ ఒకటి. అవే అక్షరాలు ఇంటిపేరుగా వస్తే మాత్రం ‘వతనుకి’ అవుతాయి. ఈ పలుకులో నాలుగూ లేదు, నెలా లేదు. ‘వత’ అంటే దూది, ‘నుకి’ అంటే తీసివేయడం. రాసింది తేదీ, పలికింది దూది తీయడం!

మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒకాయన తన ఇంటిపేరును "చైత్ర శుద్ధ పాడ్యమి" అని రాసుకొని, దాన్ని "ఉగాది" అని చదవమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఆ రోజు ఏం జరుగుతుందో తెలిసినవాడే చదవగలడు. విడివిడి అక్షరాల శబ్దాలతో పని లేకుండా మొత్తం మాటకు ఒకే పలుకు ఇచ్చే పద్ధతి జపాను భాషలో పాతదే.

దూది ఎందుకు తీస్తారు?

జపానులో చలి ఎక్కువ. పూర్వం చలికాలంలో కిమోనో పైబట్టకూ లోపలి బట్టకూ మధ్య దూది పెట్టి కుట్టుకునేవారు. ఎండలు మొదలయ్యాక కొత్త బట్టలు కొనే స్తోమత అందరికీ ఉండేది కాదు. కుట్లు విప్పి, లోపలి దూది తీసేసి, ఆ బట్టనే మళ్లీ కుట్టుకొని వేసుకునేవారు. ఈ పనికి ఆనవాయితీగా కుదిరిన రోజు నాలుగో నెల ఒకటో తేదీ. అందుకే ఆ తేదీకి ‘దూది తీసే రోజు’ అనే అర్థం వచ్చింది. ఆ అర్థమే ఇంటిపేరుకు పలుకు అయింది.

రుతువు మారినప్పుడు బట్టలు మార్చే ఆచారాన్ని ‘కొరొమొగయే’ అంటారు. చైనా పద్ధతి చూసి మొదట రాజాస్థానంలో పాటించారు. ఎదో కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, సమురాయ్‌లు ఏడాదికి నాలుగుసార్లు తేదీ ప్రకారం బట్టలు మార్చేవారు. ఆచారం ఇంకా బతికే ఉంది. అక్కడి బడిపిల్లలు ఇప్పటికీ జూన్ 1 ప్రాంతంలో వేసవి యూనిఫారంలోకి, అక్టోబరు 1 ప్రాంతంలో చలికాలపు యూనిఫారంలోకి మారతారు.

దూది అన్నాం కాబట్టి ఒక చిన్న ముచ్చట. క్రీ.శ. 799లో మికావా అనే సీమ తీరానికి చిన్న పడవలో ఒక మనిషి కొట్టుకొచ్చాడని, తాను ‘తెంజికు’ వాడినని తర్వాత చెప్పాడని, అతని దగ్గర పత్తి గింజలున్నాయని జపాను పాత చరిత్ర గ్రంథాలు రాశాయి. తెంజికు అంటే భారతదేశం. ఆ విత్తనాల సాగు నిలవలేదు. పత్తి పంట అక్కడ గట్టిగా పాదుకున్నది 15, 16 శతాబ్దాల తర్వాతే. అంతకు ముందు ‘వత’ అంటే పట్టుపురుగు గూళ్ల నుంచి తీసిన పట్టు దూది.

పాత పంచాంగం లెక్క

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఏప్రిల్ ఒకటికి జపానులో ఇంకా చలిగానే ఉంటుంది కదా, అప్పుడే దూది తీస్తారా అని. కారణం క్యాలెండరు మారడం. పూర్వం వాళ్లది మనలాంటి చాంద్రమాన పద్ధతే. అమావాస్యతో నెల మారేది, అధికమాసమూ ఉండేది. 1873 జనవరి 1 నుంచి ప్రభుత్వం ఇంగ్లీషు క్యాలెండరుకు మారింది. పాత లెక్కలో నాలుగో నెల మొదటి రోజు ఏప్రిల్ చివర నుంచి మే మూడో వారం లోపల వస్తుంది. చాలా ఏళ్లలో అది మన వైశాఖ శుద్ధ పాడ్యమికి దగ్గర్లోనే పడుతుంది. ఆ రోజులకు దూది బట్ట బరువే.

అంటే ఈ పేరును ఈనాటి ఏప్రిల్ ఒకటితో కలిపి చూడకూడదు. క్యాలెండరు మారినా పేరు మారలేదు.

ఇలాంటివే మరికొన్ని

పొడుపుకథలాంటి ఇంటిపేర్లు జపానులో ఇంకా ఉన్నాయి:

- హొజుమి: ‘ఎనిమిదో నెల ఒకటో రోజు’ అని రాస్తారు. ఆ రోజు కొత్త వరి వెన్నులు కోసి దేవుడికి సమర్పించేవారు. హొజుమి అంటే వెన్ను కోయడం.
- తకానాషి: ‘చిన్న పిట్టలు ఆడుకోవడం’ అని రాస్తారు. పిట్టలు నిర్భయంగా ఆడుతున్నాయంటే అక్కడ డేగ లేనట్టే. తకానాషి అంటే డేగ లేదు.
- త్సుయురి: ‘చెస్ట్‌నట్ పువ్వు రాలడం’ అని రాస్తారు. ఆ చెట్టు పూలు రాలే వేళకు అక్కడ వానకారు మొదలవుతుంది. పలుకులో ఉన్నది వానకారే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇంటిపేర్ల నిఘంటువుల్లో ఉండి, నిజంగా ఏ ఇంటికీ లేని పేర్లు కొన్నున్నాయి. జపాను పరిశోధకులు వాటిని ‘దయ్యపు ఇంటిపేర్లు’ అంటారు. ఎక్కడైనా తమాషా పేరు కనబడగానే నమ్మేయకూడదు.

ఎంతమందికి ఉంది?

జపానులో ఇంటిపేర్లకు కొదవ లేదు. నివా మొతోజి అనే పరిశోధకుడు కూర్చిన నిఘంటువులో దాదాపు 2 లక్షల 90 వేల పేర్లున్నాయి. రాతలో, పలుకులో చిన్న తేడా ఉన్నా వేరుగా లెక్కించడం వల్ల సంఖ్య అంత పెరిగింది. అయితే జనంలో ఎక్కువమంది కొద్ది పేర్లలోనే ఉంటారు. మొదటి స్థానం ‘సాతో’ది, సుమారు 18 లక్షల మంది. తర్వాత సుజుకి, తకాహాషి, తనాకా వస్తాయి.

వతనుకి అనే పలుకుకు రెండు ముఖ్యమైన రాతలున్నాయి. ‘దూది’, ‘గుచ్చు’ అనే రెండక్షరాలతో రాసేది కాస్త ఎక్కువగా కనబడుతుంది, ముఖ్యంగా గున్మా, సైతామా వైపు. గున్మాలోని తకాసాకి నగరంలో ఆ పేరుతో ఊరి భాగమే ఉంది. అక్కడి ప్రాచీన సమాధి దిబ్బలో దొరికిన వస్తువులను 2020లో జాతీయ సంపదగా ప్రకటించారు. 2000 నుంచి 2003 వరకు జపాను దిగువ సభకు స్పీకరుగా ఉన్న వతనుకి తమిసుకె పేరు కూడా ఈ రెండక్షరాలదే. ఆయనది తొయామా.

తేదీలా రాసే వతనుకి మాత్రం దేశం మొత్తం మీద అతి కొద్ది ఇళ్లకే ఉంది. నెల మొదటి రోజుకు ఉన్న పాత అక్షరంతో, అంటే మన ‘పాడ్యమి’ లాంటి మాటతో, రాసే మరో రూపమూ అరుదే. చాలామంది జపాను వాళ్లకు ఈ రాత పరిచయమైంది పొరుగింటి వల్ల కాదు, బొమ్మల కథ వల్ల. క్లాంప్ అనే రచయిత్రుల బృందం 2003లో మొదలుపెట్టిన ‘హోలిక్’ కథానాయకుడి ఇంటిపేరు ఇదే. అతని పుట్టినరోజూ ఏప్రిల్ ఒకటే.

చట్టాలు ఏం చేశాయి?

ఎదో కాలంలో సామాన్యులకు ఇంటిపేరును బహిరంగంగా వాడే హక్కు ఉండేది కాదు. 1870లో ప్రభుత్వం అనుమతించింది. పన్నులకీ సైన్యానికీ మనుషుల లెక్క కావాలి కదా, అందుకని 1875లో అందరికీ తప్పనిసరి చేసింది. రైతులంతా ఆ ఒక్కరోజే పేర్లు కల్పించుకున్నారని కొందరు చెబుతారు. అది పూర్తిగా నిజం కాదు. చాలా ఇళ్లలో పేర్లు అప్పటికే లోలోపల వాడుకలో ఉన్నాయి, అవి బయటికి వచ్చాయి.

1898 పౌర చట్టం నుంచి భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండాలి. ఎవరిదైనా ఎంచుకోవచ్చు గానీ, దాదాపు 95 శాతం జంటలు భర్త పేరే తీసుకుంటున్నాయి. ఈ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధం కాదని అక్కడి సుప్రీంకోర్టు 2015లోనూ 2021లోనూ చెప్పింది. దీని వల్ల అరుదైన పేర్లకు నష్టం. ఆడపిల్లలే ఉన్న ఇంట్లో, అందరూ భర్తల పేర్లు తీసుకుంటే ఆ ఇంటిపేరు అక్కడితో ఆగిపోతుంది. తొహొకు విశ్వవిద్యాలయ ఆచార్యుడు యోషిదా హిరోషి 2024లో ఒక లెక్క వేశారు. ఇప్పటి పద్ధతే కొనసాగితే 2531 నాటికి జపానులో అందరూ ‘సాతో’లే అవుతారట! జనం ఆలోచించాలని వేసిన లెక్క అది.

2025లో వచ్చిన మార్పు

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇది. జపానులో ప్రతి కుటుంబానికీ ‘కొసెకి’ అనే ప్రభుత్వ కుటుంబ రిజిస్టరు ఉంటుంది. పుట్టుక, పెళ్లి, చావు అన్నీ అందులోకి ఎక్కుతాయి. కానీ ఆ రిజిస్టరులో పేరు ఎలా రాయాలో ఉండేది తప్ప, ఎలా పలకాలో ఉండేది కాదు. బడి పట్టీల్లో, దరఖాస్తుల్లో అక్షరాల పక్కన ‘ఫురిగానా’ అనే చిన్న అక్షరాలతో పలుకు రాసుకునేవారు. అసలు రిజిస్టరులో మాత్రం లేదు.

అంటే వతనుకి ఇంటివాళ్ల రిజిస్టరులో ఉన్నది నాలుగు, నెల, ఒకటి, రోజు, అంతే. ‘వతనుకి’ అనే మాట తాత నోట, నాన్న నోట, పిల్లల నోట నడుస్తూ వచ్చింది. మధ్యలో ఒక తరం చెప్పడం మానేసి ఉంటే, ఆ రిజిస్టరు దగ్గర మిగిలేది ఒక తేదీ మాత్రమే.

సవరించిన చట్టం 2025 మే 26న అమల్లోకి వచ్చింది. ఇక మీదట పలుకు కూడా రిజిస్టరులో ఉంటుంది. స్థానిక కార్యాలయాలు "మీ పేరు ఇలా పలుకుతారని నమోదు చేయబోతున్నాం" అని ఇంటింటికీ ఉత్తరాలు పంపాయి. తప్పుంటే చెప్పుకోవడానికి 2026 మే 25 వరకు ఏడాది గడువిచ్చారు.

మనకెందుకు ఇదంతా?

మన బడి అడ్మిషన్ రిజిస్టరు నా చేత్తోనే రాస్తాను. తెలుగు వాడుకలో పేరు ముందుండే అక్షరం ఇంటిపేరుది. తమిళనాట ఆ అక్షరం తండ్రి పేరుది. రెండు పద్ధతుల మధ్య పెరిగిన మన పిల్లల్లో చాలామందిని "ఇంటిపేరేమిటి నాన్నా?" అని అడిగితే తండ్రి పేరు చెబుతారు. కొందరికి ఇంగ్లీషు పొడి అక్షరం ఒక్కటే తెలుసు. ‘కె’ అంటే కొండానా, కోటనా, కట్టానా? పిల్లవాడికి తెలియదు, నాన్న "అమ్మను అడగండి సార్" అంటాడు, చివరికి నాయనమ్మకు ఫోను చేస్తే తెలుస్తుంది. నాయనమ్మ ఉన్నంతవరకు ఫరవాలేదు.

ఇంటిపేరు గొప్పదనో తక్కువదనో నేను చెప్పడం లేదు. దాన్ని బట్టి కులం తెలియకూడదని కావాలనే వదిలేసిన కుటుంబాలున్నాయి, వారి నిర్ణయం వారిది. కానీ తెలియక పోగొట్టుకోవడం వేరు, తెలిసి వదులుకోవడం వేరు.

కాబట్టి పిల్లలకు ఒక చిన్న పని. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి మూడు సంగతులు అడగండి: మన ఇంటిపేరు పూర్తిగా ఏమిటి, తెలుగులో ఎలా రాస్తారు, అది ఎలా వచ్చిందని తాతలు చెప్పేవారు. ఊరి పేరా, పని పేరా, చెట్టు పేరా? తెలిసింది ఒక కాగితం మీద తెలుగులో రాసి మీ క్లాసు టీచరుకు ఇవ్వండి. ఇష్టమైనవారే ఇవ్వొచ్చు, బలవంతం ఏమీ లేదు. వచ్చినవన్నీ ఒక పుస్తకంగా కుట్టి మన బడి లైబ్రరీలో పెడతాను.

– ప్రధానోపాధ్యాయుడు