చుట్టు ఎటు తిరిగింది?

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద మోటారు వైండింగ్ షాపు. ఎండ ఇంకా చురుక్కుమనలేదు. గచ్చు మీద ఐదు హెచ్‌పీ త్రీఫేజు మోనోబ్లాక్ మోటారు విప్పి పడుంది. వంగి చూడండి. రాగి తీగలు నల్లగా మాడిపోయాయి, కాలిన వార్నిష్ ఘాటు గొంతులో తగులుతుంది. గోనెగండ్ల వైపు నుంచి వచ్చిన రైతు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఒక ఫేజు పోయినట్లుందన్నా. గుయ్యిమంటాది గానీ తిరగల్యా."

మిస్త్రీ తలెత్తడు. పాత కాయిల్ కోసి, చుట్లు లెక్కపెట్టి, నోటుపుస్తకంలో రాసుకున్నాకే ఆ రాగిని గోతాంలో వేస్తాడు. స్లాట్లలో లెదరాయిడ్ పేపరు, ఫర్మా మీద కొత్త కాయిల్, పైన వెదురు పుల్లల బిగింపు. చుట్లు పడుతున్నంతసేపూ అతన్ని ఎవరూ పలకరించరు. మాచాని సోమప్ప 1938లో చేనేత సొసైటీ పెట్టిన ఊరు ఇది. పోగు తప్పితే గుడ్డ ఏమవుతుందో ఇక్కడ ఒకరు చెప్పక్కర్లేదు.

చుట్లకు అంత లెక్క ఎందుకు? కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో కోపెన్‌హాగెన్‌లో అయిర్‌స్టెడ్ చూశాడు. తీగ ఒక్కటే అయితే ఆ బలం స్వల్పమే. పది ఆంపియర్లు పారే తీగకు సెంటీమీటరు దూరంలో భూమి అయస్కాంతత్వానికి నాలుగైదు రెట్లు, అంతే. అదే తీగను చుట్టలు చుట్టలుగా చుడితే ప్రతి చుట్టూ తన వంతు కలుపుతుంది. మధ్యలో ఇనుము ఉంటే ఇక అడగక్కర్లేదు.

అయితే అన్నీ ఒక వైపే తిరగాలి. ఈ స్టేటర్‌లో, అంటే మోటారులో కదలని చుట్టు భాగంలో, ప్రతి ఫేజుకూ ఎదురెదురుగా రెండు జట్లు. లోపలి నుంచి చూస్తే ఒకటి ఉత్తర ధ్రువమైతే రెండోది దక్షిణం కావాలి, అప్పుడే రెంటి బలం ఒకే దిక్కుకు కలుస్తుంది.

మిస్త్రీ వేరియాక్ తిప్పి తక్కువ వోల్టేజి ఇస్తాడు, లోపల బేరింగు గుండు వదులుతాడు. గుండు కాస్త పరుగెత్తి, తడబడి, ఒకచోట గజగజలాడుతూ నిలబడిపోతుంది. "ఉల్టా కొట్టినామప్పా!" ఒక జట్టు కొసలు మార్చి మళ్లీ స్విచ్చి వేస్తాడు. ఈసారి గుండు లోపలి గోడ పట్టుకుని జర్రున గిరగిరా తిరుగుతుంది. రెండు ఫేజులు తారుమారు చేస్తే అదే వేగంతో ఎదురు దిక్కుకు. గుండును తోసేది ఏదీ కంటికి కనిపించదు. ఎన్నిసార్లు చూసినా నాకు ఈ ఆట విసుగు పుట్టదు.

పక్కనే సిద్ధమైన ఇంకో మోటారు నడుస్తోంది. టాంగ్ టెస్టర్ దవడలు ఒక తీగ చుట్టూ మూస్తాడు: మూడు ఆంపియర్ల పైచిలుకు. తీగకు కోత పడలేదు, తొడుగు ఊడలేదు. మీటరు చదివింది చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్నే. ఇప్పుడు మూడు తీగలూ కలిపి దవడల్లో పెడతాడు. సున్నా!

"కరెంటు పోయిందా?" రైతు కంగారు.

"యాడికీ పోలా. ఒకదాన్నొకటి కొట్టేసుకున్యాయి."

కేబులులో ఒకేచోట ఉన్నాయి కాబట్టి మూడింటి లెక్కా చెల్లు. స్టేటర్‌లో ఆ మూడే, ఒక్కొక్కటి 120 డిగ్రీల ఎడంగా కూర్చోవడంతో చెల్లకుండా కలిసి తిరుగుతాయి.

"ఒకటి పోతే?"

"ముందుకీ వెనక్కీ ఊగుతాది, తిరగదు. మోటరు మాడిపోతాది. ఈసారన్నా ఫేజు పోతే మోటరు ఆపే ప్రివెంటర్ పెట్టిచ్చుకోప్పా."

రైతు దాని ధర అడుగుతున్నాడు.