ఆవగింజ తోట పుస్తకం

ఆఫీసులో ఏళ్ళ తరబడి ఫెయిర్ కాపీలు రాసినవాణ్ణి. "చూసి రాసినదాంట్లో నీ గొప్పేముందయ్యా?" అన్న మాట పడ్డవాణ్ణి కూడా. అందుకే చైనావారి ఈ పుస్తకమంటే నాకు మక్కువ.

నాన్‌జింగ్‌లో లీ యూ అనే నాటక రచయితకు ఆవగింజంత తోట ఉండేది. పేరూ అదే పెట్టుకున్నాడు. అతని అల్లుడి దగ్గరున్న 43 పాత నమూనాలను వాంగ్ గై అనే చిత్రకారుడు 133కు పెంచగా, 1679లో రంగుల చెక్క అచ్చులతో పుస్తకం వెలువడింది. కొమ్మ ఎక్కడ చీలాలో, రాయికి ముఖాలెలా తీర్చాలో కుంచె పట్టనివాడికీ తెలిసేలా వేశారు. వెదురు, చేమంతి వంటివి 1701లో చేరాయి.

కొండను చూడకుండానే కొండ వేసే అనుకరణగాళ్ళను తయారుచేసిందని 20వ శతాబ్దంలో దీన్ని తప్పుపట్టారు. అబద్ధమేమీ కాదు. అయితే చీ బాయిషీ సంగతో? 1864లో హునాన్‌లో పుట్టిన పేద వడ్రంగి. ఇరవై ఏళ్ళ వయసులో, పనికి వెళ్ళిన ఇంట ఈ పుస్తకం కనబడితే అరువు తెచ్చుకుని, రాత్రిళ్ళు దీపం ముందు కూర్చుని నెలల తరబడి బొమ్మ బొమ్మకూ నకలు తీశాడు. అంతవరకు తాను గీసిన మనుషుల కాళ్ళూ తలలూ కొలతకు లేవని అప్పుడే గ్రహించాడట. 1957లో కన్నుమూసేనాటికి ఆయన రొయ్యల బొమ్మలు తెలియని చైనావాడు లేడు.

మై-మై జీ 1956 నాటి ఇంగ్లీషు అనువాదాన్ని మా మనవరాలు తెచ్చిపెట్టింది. ఆర్కిడ్ ఆకుకు మొదటి గీత పడింది. దాన్ని దాటుతూ రెండోది వెయ్యాలి. పదిహేను రోజులుగా అక్కడే ఉన్నాను.